సూరమ్మ ఇచ్చిన టైర్లు

కాశీబుగ్గలో పాత హైవే పక్కన, జీడిపప్పు ఫ్యాక్టరీల వరస అయిపోయిన చోట ఒక రేకుల షెడ్డు ఉంది. దాని ముందు అరిగిపోయిన లారీ టైర్లు మనిషెత్తు గుట్టలుగా పడి ఉంటాయి. లోపలి నుంచి వెచ్చటి రబ్బరు వాసన రోడ్డు దాకా వస్తుంటుంది. అరిగి గుండైపోయిన టైరు మీద మిగిలిన పాత రబ్బరు గీకేసి, కొత్త పట్టీ అతికించి, మళ్ళీ రోడ్డెక్కేలా చేసి పంపడం అక్కడి పని. దాన్ని డ్రైవర్లు రీబటన్ అంటారు. కొత్త టైరు కొనే స్తోమత ఎప్పుడూ ఉండని బళ్ళవాళ్ళకి అదొక పెద్ద ఆసరా.

షెడ్డు నడిపే మనిషి పేరు ఝాన్సీలక్ష్మి. నలభైకి అటూ ఇటూగా ఉంటుంది. చీర మీద మగవాళ్ళ ఖాకీ చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని తిరుగుతుంటే, కొత్తగా వచ్చిన డ్రైవర్లు ఆమెనే పట్టుకుని "ఓనరుగారు ఏరమ్మా?" అని అడుగుతారు. "నేనే, సెప్పండి" అంటుందామె, చేతిలో పని ఆపకుండానే. ఇంత పని ఎలా నేర్చుకున్నావమ్మా అని ఎవరైనా ముచ్చటపడితే భర్త పేరు చెబుతుంది, ధర్మారావు పేరు చెబుతుంది. వ్యాపారం ఎలా నిలబడిందని అడిగితే మాత్రం ఒక్క పేరే. "మూలపేట సూరమ్మప్ప లేకపోతే ఈ షెడ్డుకి ఎప్పుడో తాళం పడిపోయేది" అంటుంది. ఆ వైపు అక్కని అప్ప అంటారు. ఆ మాట ఎందుకంటుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఝాన్సీలక్ష్మి పుట్టింది కంచిలి మండలంలో, కొబ్బరి తోటల మధ్య. ఇంటర్ అయ్యాక గోపాలరావుకిచ్చి పెళ్ళి చేశారు. గోపాలరావు అప్పటికే బరంపురంలో ఒక రీబటన్ కంపెనీలో ఏళ్ళ తరబడి పనిచేసి, ఆ పని ఆనుపానులన్నీ తెలుసుకుని, కాశీబుగ్గ వచ్చి సొంతంగా షెడ్డు వేసుకున్న మనిషి. మాట తక్కువ, పని ఎక్కువ. పెళ్ళయిన కొత్తలో అతని బట్టలు ఎన్నిసార్లు ఉతికినా రబ్బరు వాసన వదిలేది కాదు. ఆ వాసనతో తప్ప టైర్ల వ్యాపారంతో ఆమెకి వేరే సంబంధం ఉండేది కాదు. కూతురు ప్రవల్లిక చదువు, ఇల్లు, పెరట్లో ఆవు. అదే ఆమె లోకం.

కరోనా తగ్గుముఖం పట్టి బళ్ళు మళ్ళీ తిరగడం మొదలైన రోజుల్లో, ఒకనాటి సాయంత్రం గోపాలరావు లారీ చక్రానికి గాలి పడుతున్నాడు. లారీ టైరు జారిపోకుండా చక్రానికి ఒక ఇనప రింగు బిగిస్తారు. అది గాడిలో సరిగ్గా కూర్చోవాలి. గాలి నిండేటప్పుడు చక్రం చుట్టూ గొలుసు కట్టడం అతనికి అలవాటు. ఆ రోజు లారీవాడు తొందరపెట్టాడు. గొలుసు కట్టలేదు. గాలి నిండుతుండగా రింగు గాడిలోంచి లేచి, ఫిరంగి గుండులా వచ్చి కుడిచేతిని తాకింది. మోచేతి పైన ఎముక నుజ్జయింది. ఆ దెబ్బ ఇంకొంచెం పక్కగా తగిలి ఉంటే మనిషే దక్కేవాడు కాడని విశాఖపట్నంలో డాక్టరు అన్నాడు. లోపల ఉక్కు రాడ్లు వేసి కుట్టారు.

ప్రాణంతో ఇంటికి వచ్చాడు. అదే పదివేలనుకుంది ఝాన్సీలక్ష్మి. కానీ ఆ చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు, బరువు పట్టలేదు. షెడ్డులో పనివాళ్ళు ఒక్కొక్కరూ వేరే పనులు చూసుకున్నారు. మిగిలింది ధర్మారావు ఒక్కడే. షెడ్డు వేసిన రోజు నుంచీ పాత రబ్బరు గీకే మిషను మీద పనిచేసిన పెద్దాయన.

మిషన్లు అమ్మేసి కంచిలి వచ్చెయ్యమని ఆమె అన్నయ్య కబురు పెట్టాడు. ఆ మాట విని గోపాలరావు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఝాన్సీలక్ష్మి అతనికి టీ ఇస్తూ అంది.

"నువ్వు కుర్చీలో కూసుని సెప్పు. నేను సేత్తాను."

"ఏటి సేత్తావు?"

"టైర్లు."

గోపాలరావు నవ్వాడు. చెయ్యి విరిగాక అతను నవ్వడం అదే మొదటిసారి. "మగోళ్ళకే నడుములు పడిపోతాయి ఆ పనిలో" అన్నాడు.

"ధర్మారావు బాబాయ్ ఎత్తుతాడు, దించుతాడు. మిగతాది సేతి పనే కదేటి? సెప్పు, నేర్సుకుంటాను."

అలా మొదలైంది. గోపాలరావు షెడ్డు మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆమె టైరు లోపల అరచెయ్యి ఆనించి చుట్టూ తిప్పి, విరిగిన మేకులూ ఇనప తీగల మొనలూ వెతకడం నేర్చుకుంది. మొదటి వారం వేళ్ళన్నీ గాట్లే. మిషను మీద టైరు తిరుగుతుంటే పాత రబ్బరు నల్లటి పొట్టులా రేగి కళ్ళల్లో, చెవుల్లో దూరేది. ధర్మారావు దగ్గరుండి మిషను ఎంత ఆనించాలో, ఎక్కడ ఆపాలో చూపించేవాడు. "తొందరొద్దమ్మా, టైరుకి నొప్పెట్టకూడదు" అనేవాడు, అది పసిపిల్ల ఒళ్ళన్నట్టు. గీకాక జిగురు పూసి ఆరబెట్టాలి. దాని మీద సన్నటి మెత్తని రబ్బరు పొర, ఆ పైన గళ్ళు చెక్కిన కొత్త పట్టీ. అంతా అయ్యాక ఛాంబరులో పెట్టాలి. ఛాంబరంటే టైర్లు వరసగా వేలాడదీసే పెద్ద ఇనప పొయ్యి. లోపల వేడీ గాలి ఒత్తిడీ కలిసి పట్టీని టైరుకి అతుకుతాయి. మధ్యలో ఏది తగ్గినా అతుకు అతుకు కాదు.

ఆమె చేసింది తప్పని గానీ, బాగుందని గానీ గోపాలరావు పెద్దగా అనేవాడు కాదు. తప్పయితే తల అడ్డంగా ఊపేవాడు. బాగుంటే టీ తెమ్మనేవాడు. టీలు ఎక్కువయ్యే కొద్దీ ఆమెకి ధైర్యం వచ్చింది.

పని వచ్చింది గానీ టైర్లు రాలేదు. పాత ఖాతాదారుల దగ్గరికి స్కూటీ మీద వెళ్ళి అడిగేది. అందరూ మర్యాదగానే మాట్లాడారు. కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు. "బావ బాగయ్యాక సూద్దాం లేమ్మా" అన్నారు. ఒక్క కంచిలి కొబ్బరి వ్యాపారి రాజేంద్ర మాత్రం గోపాలరావు మీద మొహమాటంతో తన లారీ టైర్లు రెండు ఇచ్చాడు. అంత పెద్ద ఛాంబరు రెండు టైర్ల కోసం వేడెక్కించడం దండగ. ఇంకొన్ని దొరికితే గానీ పని మొదలుపెట్టలేని పరిస్థితి.

లారీల వాళ్ళు ఇవ్వకపోతే చిన్న బళ్ళ వాళ్ళని అడుగుదామని ఆమె తీరం వైపు బయల్దేరింది. టెక్కలి, నౌపడ దాటి, ఉప్పు మడుల పక్కనుంచి మూలపేట మీదుగా సముద్రం ఒడ్డుకి చేరేసరికి బాగా పొద్దెక్కింది. ఒడ్డున తెప్పలు వచ్చి ఉన్నాయి. చేపల వేలం పాట అయిపోయి, పెట్టెల్లో ఐసు నింపుతున్నారు. ఒక పికప్ వ్యాను పక్కన నిలబడి, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా ఎగదోపి, అందరి మీదా కేకలేస్తున్న ఆవిడ కనిపించింది. ఆవిడే సూరమ్మ. మొగుడు బతికుండగా నెత్తిన గంప పెట్టుకుని ఊరూరా చేపలమ్మిన మనిషి. ఇప్పుడు ఒడ్డునే చేప కొని, సొంత వ్యానులో టెక్కలి, పలాస మార్కెట్లకి పంపుతోంది. కొడుకు కామేశ్ ఆ వ్యాను నడుపుతాడు.

ఝాన్సీలక్ష్మి వ్యాను వెనక చక్రాల దగ్గర వంగి చూసింది. టైర్లు అరిగి నున్నగా మెరుస్తున్నాయి.

"ఎవులే నువ్వు? నా బండి కింద ఏటి ఎతుకుతన్నావు?" అంది సూరమ్మ.

"టైర్లు సూత్తన్నాను అప్పా. వానాకాలం వత్తంది. ఈటితో తిరిగితే జారిపోతాది బండి. నాకియ్యండి, కొత్త పట్టీ ఏసి తెత్తాను."

"నువ్వే ఏత్తావా?"

"నేనే ఏత్తాను."

సూరమ్మ ఆమె చేతులు పట్టుకుని తిప్పి చూసింది. గాట్లు, గోళ్ళ సందుల్లో ఎంత తోమినా పోని నలుపు. "పేరేటి?" అంది. చెప్పింది. "అంత పేరు నాకు నోరు తిరగదు. లచ్చిమీ అంటాను" అని, కొడుకు వైపు తిరిగి, "ఒరే కామేసూ, ఎనక రెండు టైర్లూ ఇప్పి ఈయమ్మకి ఇచ్చీ. స్టెప్నీ, ఆ పాతదీ కట్టుకుని నాల్రోజులు నడుపుదాం" అంది.

అంతే. వేరే ప్రశ్నే లేదు. ఆ రోజు తిరుగు దారిలో, నౌపడ దాటాక, స్కూటీ రోడ్డు పక్కన ఆపుకుని ఝాన్సీలక్ష్మి తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. మొగుడి పేరు చూసి కాకుండా తన చేతులు చూసి ఒక మనిషి పని ఇచ్చింది.

సూరమ్మ టైర్లూ, రాజేంద్ర టైర్లూ కలిపి ఒకేసారి ఛాంబరులో పెట్టింది. అన్నీ తన చేత్తోనే చేసింది. మధ్యలో కరెంటు పోయింది. ఆ రోజుల్లో షెడ్డులో జనరేటరు లేదు. కరెంటు వచ్చేసరికి ఛాంబరు సగం చల్లారింది. గోపాలరావు చేతికి కట్టు మార్పించుకోడానికి టెక్కలి వెళ్ళి ఉన్నాడు. "మొదటి నుంచీ మళ్ళీ పెడదామా అమ్మా?" అన్నాడు ధర్మారావు. ఎక్కువ ఉడికితే రబ్బరు పెళుసవుతుందని భర్త చెప్పిన మాట ఆమెకి గుర్తుంది. మిగిలిన సమయమే నడిపి దించేసింది. పైకి చూస్తే టైర్లు నిగనిగలాడుతూ అందంగా ఉన్నాయి. సాయంత్రం గోపాలరావు వచ్చి చూసి టీ తెమ్మన్నాడు. కరెంటు సంగతి చెప్పాలని ఆమెకి తట్టనే లేదు.

సూరమ్మ వ్యానుకి టైర్లు బిగించి రెండు వారాలైనా కాలేదు. పొద్దున్నే కామేశ్ ఫోను చేశాడు. "అప్పా, టైరు పట్టీ ఊడిపోనాది. నౌపడ దాటి రోడ్డు మీద ఉన్నాం. బండి నిండా సేప" అన్నాడు.

ఎవరికైనా దెబ్బలు తగిలాయా అని ముందు అడిగింది. లేవన్నాడు. ధర్మారావునీ, షెడ్డులో ఉన్న రెండు మంచి టైర్లనీ గూడ్సు ఆటోలో వేసుకుని బయల్దేరింది.

వ్యాను రోడ్డు వార ఒరిగి ఉంది. ఊడిన పట్టీ మడ్‌గార్డుకి చుట్టుకుని, దాన్ని చీల్చి పారేసింది. సూరమ్మ ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. ఆటో దిగిన ఝాన్సీలక్ష్మిని చూడగానే లేచింది.

"ఏటే లచ్చిమీ, ఇదేటే? నువ్వేసిన పట్టీ పాము కుబుసం లాగ ఊడిపోనాది సూడు! బండి గిర్రున తిరిగినాది. నా కొడుకు స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు కాబట్టి సరిపోనాది. ఆడికేటైనా అయితే నువ్వు తెచ్చి ఇత్తావేటే?"

"తప్పు నాదే అప్పా" అంది ఝాన్సీలక్ష్మి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నీదని నాకు తెల్దేటి? ఏడుపుంటే తరవాత ఏడు. ముందు ఆ పెట్టి అందుకో. ఐసు కరిగిపోతంది, సేప పోతాది!"

ధర్మారావూ కామేశూ చక్రాలు విప్పుతుంటే, ఆడవాళ్ళిద్దరూ చేపల పెట్టెలు వ్యానులోంచి ఆటోలోకి మార్చారు. ఐసు నీళ్ళు నెత్తి మీంచి కారి, ఖాకీ చొక్కా తడిసి ముద్దయింది. ఆ ఎండలో పలాస దాకా వెళ్తే సరుకు నిలవదని, టెక్కలిలోనే రోడ్డు పక్కన దించేశారు. సూరమ్మ తక్కెడ పట్టుకుంది. ఝాన్సీలక్ష్మి కవళ్ళ చేపలు సంచుల్లో వేసి అందించింది. "కేకెయ్యే, నోరు నేదేటి?" అని సూరమ్మ కసిరితే, జన్మలో బజారులో గొంతెత్తని మనిషి "కవళ్ళు, కవళ్ళు! ఇప్పుడే ఒడ్డుకొచ్చినయ్యి!" అని అరిచింది. ఆ అరుపు విని సూరమ్మకి నవ్వాగలేదు. కొంత సరుకు అమ్ముడుపోయింది, కొంత పాడైంది. పాడైన దాన్ని సూరమ్మ చూసిన చూపు ఝాన్సీలక్ష్మికి తిట్లకన్నా ఎక్కువ తగిలింది.

మధ్యాహ్నం అయింది. కామేశ్ వ్యాను తీసుకొచ్చాడు. టీ కొట్టు బల్ల మీద ఇద్దరూ తడిబట్టలతోనే కూర్చున్నారు. ఝాన్సీలక్ష్మి ఏదో అనబోయింది. నష్టం తను భరిస్తాననే మాట కాబోలు. సూరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ సెడిపోనదీ, దాని జతదీ రెండూ పట్టుకెల్లు. మళ్ళీ నువ్వే ఏసి తే."

"ఇంత జరిగినాక కూడా నాకే ఇత్తావా అప్పా?"

"ముందు టైర్లమ్మినోడు ఉన్నాడు. బండి ఆగిపోనాదిరా అని నాను పోన్ సేత్తే ఎత్తనేదు. నువ్వు ఎత్తినావు. వచ్చినావు. నాతోటి సేపలు మోసినావు. మళ్ళీ ఊడిపోతే మళ్ళీ తిడతాను." టీ గ్లాసు కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది. "నాను గంప ఎత్తుకున్న కొత్తలో, ఉప్పు సరిగ్గా ఎయ్యక ఎండుసేపంతా పురుగు పట్టించినాను. అప్పుడు నన్ను తిట్టి, మళ్ళీ సేపిచ్చిన మనిసి ఉంది. ఆవిడ ఇయ్యకపోతే ఏటి తినుందుము?"

ఝాన్సీలక్ష్మి సూరమ్మ తడి చెయ్యి పట్టుకుంది. సూరమ్మ విదిలించుకుని, "బేగి ఎల్లు. ఆకలేసి సత్తన్నావు, మొకం సూడు" అంది.

ఇంటికి వచ్చి భర్తకి అంతా చెప్పింది. కరెంటు పోయిన సంగతి కూడా. గోపాలరావు తిట్టలేదు. ఊడిన టైరు తెప్పించి, దానికి ఇంకా అంటుకుని ఉన్న పట్టీని ఆమె చేతే పొడవునా కోయించి, ఎడమ చేతి వేలు పెట్టి చూపించాడు. ఒకచోట మెత్తని రబ్బరు అతుక్కోకుండా, పూసిన జిగురు పూసినట్టే మెరుస్తోంది. "సల్లారిపోనాక మళ్ళీ మొదటి నుంచీ పెట్టాల. నేను సెప్పనేదు నీకు. ఎక్కువ ఉడకకూడదని సెప్పినాను గానీ ఇది సెప్పనేదు" అన్నాడు. అది భార్యని ఓదార్చడానికి అన్నాడో, నిజంగానే తను చెప్పలేదని బాధపడ్డాడో ఆమెకి ఇప్పటికీ తెలియదు. ఆ మాటని మాత్రం ఇప్పటికీ తలుచుకుంటుంది.

అప్పుడు గుర్తొచ్చింది, అదే ఛాంబరులో రాజేంద్ర టైర్లు కూడా ఉన్నాయని. మర్నాడు తెల్లవారగానే కంచిలి వెళ్ళింది. కొబ్బరికాయల లారీ నిండా లోడై, తాళ్ళు కట్టుకుని, కటకం బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. దానికే ఆమె టైర్లు.

"ఆ రెండూ ఇప్పి ఇచ్చెయ్యండి" అంది.

రాజేంద్రకి అర్థం కాలేదు. "బాగానే తిరుగుతన్నాయి కదమ్మా!"

"ఆటితోటి ఛాంబరులో ఉన్నది నిన్న ఊడిపోనాది. ఇయ్యి కూడా ఊడతాయేమో నాకు తెల్దు. తెల్సుకోకుండా పంపనేను."

"లోడెక్కినాక సక్రాలిప్పమంటావేటి? ఇదెక్కడి గోల!" అని రాజేంద్ర చిరాకుపడ్డాడు. లారీ డ్రైవరు మాత్రం వెంటనే వెళ్ళి జాకీ తెచ్చాడు. ఆ టైర్ల మీద రాత్రీ పగలూ తిరిగేది అతను కదా. తీరా షెడ్డుకి తెచ్చి చూస్తే రెండూ గట్టిగానే అతుక్కుని ఉన్నాయి. ఏ దోషమూ లేదు. ఆ మాటే ఫోను చేసి చెప్పింది. "అయితే ఊరికే నా లోడు ఆపేసినావన్నమాట" అన్నాడు రాజేంద్ర. ఆ వెంటనే, "మా యార్డులో గుండు టైర్లు ఇంకా ఉన్నాయి. ఆటో పంపించు" అన్నాడు.

సూరమ్మ టైర్లకి ఝాన్సీలక్ష్మి రెండోసారి పట్టీ వేసింది. ఈసారి కరెంటు పోతుందేమోనని ముందే అద్దెకి జనరేటరు తెచ్చి పెట్టుకుంది. ఛాంబరు పక్కన స్టూలు వేసుకుని కదలకుండా కూర్చుంది. దించాక చిన్న సుత్తితో టైరు చుట్టూ కొట్టి, చెవి దగ్గరగా పెట్టి వింది. పుట్టింటి తోటలో కొబ్బరికాయ కొట్టి చూసి లోపల ఎలా ఉందో చెప్పడం చిన్నప్పటి నుంచీ అలవాటే. అతుకు వదిలిన చోట మోత బోలుగా వస్తుందని, ఊడిన టైరు మీద కొట్టి చూసి తెలుసుకుంది. అప్పటి నుంచి సుత్తి మోగకుండా ఏ టైరూ ఆ షెడ్డు దాటలేదు.

ఆ టైర్లు ఆ వానాకాలమంతా తిరిగాయి, పై ఏడాది ఎండాకాలం కూడా. సూరమ్మ ఒడ్డు మీద ఏం చెప్పిందో గానీ, చేపల బళ్ళు ఒకటొకటిగా కాశీబుగ్గ దారి పట్టాయి. "సూరమ్మ పిన్ని పంపినాది" అనేవాళ్ళు వచ్చినవాళ్ళు, వేరే పరిచయం అక్కర్లేదన్నట్టు. చేపల బళ్ళ వెనకాల కొబ్బరి లారీలు వచ్చాయి. మూలపేటలో పోర్టు పనులు మొదలయ్యాక రాళ్ళు మోసే టిప్పర్లు కూడా వచ్చాయి. ఆ రాళ్ళ దారిలో టైర్లు ఇట్టే అరిగిపోతాయి మరి. షెడ్డు పక్కన ఇంకో షెడ్డు లేచింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టీ కొట్టీ చేతులు పాడైన పెద్దతల్లి అనే ఆవిడ వచ్చి పని అడిగితే, జిగురు పూసే పనిలో పెట్టుకుంది. తర్వాత పెద్దతల్లి తన ఆడపడుచుని తెచ్చింది. "మాకొచ్చునా ఈ పని?" అని వాళ్ళు భయపడితే, ధర్మారావు మళ్ళీ మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు, "తొందరొద్దమ్మా" అంటూ.

గోపాలరావు ఇప్పుడు షెడ్డులో టైర్లు పరీక్ష చేసే బల్ల దగ్గర కూర్చుంటాడు. ఏ టైరు మళ్ళీ తిరగగలదో, దేన్ని పక్కన పడెయ్యాలో చూసేది ఆయనే. గాలి పట్టేచోట ఇనప పంజరం ఒకటి చేయించాడు. చక్రాన్ని అందులో పెట్టకుండా గాలి పడితే, పట్టింది ఎవరైనా సరే, ఇంటికి పంపేస్తాడు.

మొన్న మాఘమాసంలో సూరమ్మ వాళ్ళ ఊళ్ళో గంగమ్మ పండగ. ఝాన్సీలక్ష్మి మంచి పట్టుచీర కొని, పళ్ళూ పూలూ పెట్టుకుని వెళ్ళింది. సూరమ్మ చీర మడత విప్పి చూసి, మళ్ళీ మడిచి ఒళ్ళో పెట్టేసింది.

"ఇది కట్టుకుని ఒడ్డు మీద సేపలు ఏరమంటావేటే? నీ కూతురుకి అట్టిపెట్టు. నాకు గావాలంటే ఒకటుంది, ఇత్తావా?"

"అడుగు అప్పా, ఏటైనా ఇత్తాను."

"మీ షెడ్డు ముందర పనికిరాని టైర్లు పడున్నాయి కదా. తెప్పలు ఒడ్డుకి లాగితే అడుగు అరిగిపోతంది. కింద ఏసుకోడానికి గావాల, మా ఊరోళ్ళందరికీ."

ఝాన్సీలక్ష్మి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "అయ్యేటి పెద్ద ఇచ్చినట్టా?"

"నాకు గావాల్సింది అదేనే మరి."

తర్వాతి ఆదివారం లారీ నిండా పాత టైర్లు వేసుకుని షెడ్డు షెడ్డంతా మూలపేట దాటి వెళ్ళింది. ఇంక రీబటన్‌కి పనికిరావని గోపాలరావు పక్కన పడేసిన టైర్లవి. ఆయన కూడా వెళ్ళాడు. చెయ్యి విరిగాక అంత దూరం వెళ్ళడం అదే మొదటిసారి. ఊరి మగవాళ్ళు టైర్లు దొర్లించుకుంటూ ఇసకలోకి తీసుకెళ్ళి తెప్పల కింద వరసగా పరిచారు. కామేశ్ గోపాలరావుని తెప్ప ఎక్కించి కూర్చోబెట్టి, ఇంజను ఎలా తిప్పుతారో చూపిస్తుంటే, ఆయన కొత్తగా బడికొచ్చిన పిల్లాడిలా వింటూ కూర్చున్నాడు. దూరంగా పోర్టు కోసం సముద్రంలోకి పోస్తున్న రాళ్ళ గట్టు మీద టిప్పర్లు చీమల్లా కదులుతున్నాయి. "ఆటిల్లో ఎన్నిటికి మన టైర్లు?" అన్నాడు గోపాలరావు గర్వంగా, ఎవర్నీ ప్రత్యేకంగా అడక్కుండా.

సూరమ్మ ఇంటి వసారాలో అందరికీ భోజనాలు. చందువా చేపల పులుసు, రొయ్యల వేపుడు. సూరమ్మ కూర్చోకుండా వడ్డిస్తూనే ఉంది. పెద్దతల్లి చాలంటున్నా వినకుండా ఇంకో ముక్క వేసింది. భోజనాలయ్యాక ఝాన్సీలక్ష్మి వంటింటి గుమ్మం దగ్గర సూరమ్మని ఒంటరిగా పట్టుకుంది. ఎన్నాళ్ళ నుంచో మనసులో ఉన్న మాట.

"అప్పా, ఆ రోజు టెక్కలిలో నువ్వు మళ్ళీ టైర్లియ్యకపోతే, నేను ఇంటికెళ్ళి షెడ్డు అమ్మీమని సెప్పేద్దును. నిజంగా."

సూరమ్మ అంట్లగిన్నె మీద చెయ్యి ఆపింది. "నాకు తెల్సు. నీ మొకం సూసే ఇచ్చినాను" అంది. తర్వాత ఝాన్సీలక్ష్మి తలకి చుట్టుకున్న తువ్వాలు సరిచేసి, "పదవే, బండి ముందు టైర్లు కూడా అరిగిపోనాయి. ఒకపాలి సూద్దువు గాని" అంటూ చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకెళ్ళింది.